ఆపగలిగిన జబ్బులు: మీ ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే భయంతో రాసినవి. ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఉన్నట్టుండి పోయారు, ఇప్పుడు మేమేం చేయించుకోవాలి అని. నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్‌ని, అంటే జనానికి జబ్బులు రాకుండా చూడటమే నా పని. ఆపరేషన్లు చేసే డాక్టర్‌ని కాదు. ఉద్యోగమంతా హైదరాబాద్ బస్తీల్లోనే గడిచింది. అందుకే నా జవాబుల్లో స్కానింగుల కన్నా నల్లాలు, సంపులు, బీపీ కార్డులే ఎక్కువగా కనిపిస్తాయి. మన ఊళ్లో మనుషుల్ని ముందే తీసుకుపోతున్న జబ్బుల్లో చాలా వాటిని ఆపవచ్చు. ఎలా ఆపాలో కూడా తెలుసు. కావాల్సిందల్లా దాన్ని మానకుండా చేసే మనుషులు.

*ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో పని. పోయిన ఏడాది మా బావగారు యాభై నిండకుండానే గుండెపోటుతో పోయారు. ఆ భయంతో ఈయనకు బీపీ చూపిస్తే 164/102 వచ్చింది. మళ్లీ చూసినా అంతే. డాక్టర్ గోలీ రాశారు. నెల వేసుకుని మానేశారు. ‘తలనొప్పి లేదు, కళ్లు తిరగట్లేదు, మొదలుపెడితే జన్మంతా వేసుకోవాలి’ అంటున్నారు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ ఒకటి ఆఫర్‌లో ఉంది, చేయించమంటారా?*
*(ఓ గృహిణి, సైదాబాద్)*

ప్యాకేజీ సంగతి పక్కన పెట్టండమ్మా. మీకు తెలియాల్సిన ముఖ్యమైన అంకె ఇప్పటికే తెలిసింది. అది 164/102. ఇంకా ఎన్ని పరీక్షలు చేయించినా ముందు పట్టించుకోవాల్సింది దాన్నే.

బీపీకి నొప్పి ఉండదు. లోలోపల రక్తనాళాల గోడలు గట్టిపడుతుంటాయి, గుండె కండరం మందమవుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. మనిషికి మాత్రం ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. చాలామందికి మొదటిసారి తెలిసేది పక్షవాతం వచ్చినప్పుడో, గుండెపోటు వచ్చినప్పుడో. ‘బాగానే ఉన్నా కదా’ అనే మాటను బీపీ విషయంలో నమ్మడానికి లేదు. ఇవాళ మన దేశంలో వంద మరణాల్లో అరవైకి పైగా గుండె జబ్బులు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్, షుగర్ లాంటి అంటని జబ్బుల వల్లే. వాటిలో ముందు వరుస గుండె జబ్బుదే. దానికీ పక్షవాతానికీ దారి తీసే కారణాల్లో బీపీది పెద్ద వాటా.

‘జన్మంతా వేసుకోవాలి’ అనే భయం నాకు అర్థమవుతుంది. ఈ మాట అనని మగవాణ్ణి నేను అరుదుగా చూశాను. గోలీ అలవాటు చేసుకునే మందు కాదు. కళ్లజోడు పెట్టుకున్నందుకు చూపు తగ్గదు, చూపు తగ్గింది కాబట్టే జోడు పెట్టుకుంటాం. ఇదీ అంతే. గోలీ మానేస్తే కొన్ని రోజుల్లోనే బీపీ మళ్లీ పాత చోటికి ఎక్కుతుంది. అయితే మీరు ఆయన్ను ఒక మాట అడగాలి. గోలీ వేసుకున్న నెలలో ఏమైనా ఇబ్బంది పడ్డారా అని. ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు వాడేవాళ్లలో కొందరికి కాళ్లు వాస్తాయి. కొందరు అది చెప్పుకోలేక మందే ఆపేస్తారు. అలాంటిదేమైనా ఉంటే డాక్టర్ మోతాదు తగ్గిస్తారు, లేదా టెల్మిసార్టాన్ లాంటి వేరే మందుకు మారుస్తారు. మందులకు కొదవ లేదు.

మందు మళ్లీ మొదలుపెట్టడానికి మీరు పెద్ద ఆసుపత్రికి వెళ్లక్కర్లేదు. బీపీని దేశమంతటా అదుపు చేసేందుకు 2017లో ఒక కార్యక్రమం మొదలైంది. మొదటి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని పద్ధతి చాలా సాదా. డాక్టర్లందరూ ఒకే వరుసలో మందులు రాయడం, ఆ మందులు దగ్గరి దవాఖానాలోనే ఉచితంగా ఇవ్వడం, రాని పేషెంట్‌ను వెతికి పిలవడం. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం. మలక్‌పేట వైపు ఒక బస్తీ దవాఖానాలో ఆ పని దగ్గరుండి చూశాను. నర్సమ్మ టేబుల్ మీద రెండు కట్టలు కార్డులు ఉన్నాయి. ఈ నెల వచ్చినవాళ్లవి ఒక కట్ట, రానివాళ్లవి ఇంకొకటి. మధ్యాహ్నం ఓపీ తగ్గాక రెండో కట్ట ముందేసుకుని ఒక్కొక్కరికి ఫోన్ చేస్తోంది. ‘అన్నా, నీ గోలీలు పోయిన మంగళవారమే అయిపోయినయి గదా, ఎందుకు రాలే? పని మీద ఉంటే చెల్లెను పంపు, ఇచ్చి పంపుతా. కానీ వచ్చే నెల నువ్వే రావాలె, బీపీ చూడాలె.’ అంతే, ఫోన్ పెట్టేసి ఇంకో కార్డు తీసింది. ఆ ఫోన్ కాల్ ఎన్ని పక్షవాతాల్ని ఆపుతుందో లెక్క ఎవరూ రాయరు. ఐసీయూలో బతికించినవాళ్ల లెక్క మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

మీ దగ్గర్లో బస్తీ దవాఖానా ఎక్కడుందో ఆశా వర్కర్‌ను అడగండి. నగరంలో ఇవి 2018 నుంచి ఉన్నాయి. అక్కడ రక్తం తీసి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు పంపిస్తారు, రిపోర్టు మీ ఫోన్‌కే వస్తుంది. మీ వారికి పరగడుపున షుగర్, కొలెస్ట్రాల్, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, ఒక ఈసీజీ. ప్రస్తుతానికి ఇంతే చాలు. అన్న చిన్న వయసులో పోయారు కాబట్టి కొలెస్ట్రాల్ రిపోర్టు డాక్టర్‌కు తప్పక చూపించండి.

బీపీ చూపించుకునే రోజున గోలీ మానకండి, ‘మందు లేకుండా ఎంతుందో చూద్దాం’ అనుకోకండి. అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేల మీద, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా చేతి మీద చుట్టకూడదు. మాట్లాడకూడదు. మెట్లెక్కి వచ్చి ఆయాసంతో చూపించుకుంటే వచ్చే అంకె నమ్మడానికి లేదు. 140/90 లోపు ఉండాలి, షుగర్ కూడా ఉంటే డాక్టర్ ఇంకా తక్కువ లక్ష్యం పెడతారు.

ఉప్పు విషయంలో మీ చేతిలోనే చాలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది, అంటే ఒక టీ స్పూను. మనం దానికి మించి చాలా తింటున్నాం. పప్పులో ఎంత వేశానా అని చూస్తాం. అప్పడం, ఊరమిరపకాయ, ఆవకాయ, సాయంత్రం మిక్చర్ పొట్లం లెక్కలోకి రావు. ఇంట్లో పచ్చడి మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. రోజూ రెండు పూటలా కాకుండా ఎప్పుడో ఒకసారికి మార్చండి. పెరుగన్నంలో ఉప్పు కలపడం మాత్రం ఇవాళే మానెయ్యండి. అన్నం తినే చోట ఉప్పు డబ్బా పెట్టకండి. రెండు మూడు వారాలు చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుక సర్దుకుంటుంది.

*ప్రశ్న: మా తాత చుట్టలు కాలుస్తూ తొంభై దాటి బతికాడు. నేను రోజుకు ఐదారు సిగరెట్లే. దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు?*
*(ప్రైవేటు ఉద్యోగి, 31 ఏళ్లు, బోరబండ)*

బాబూ, మీ తాతగారు అదృష్టవంతులు. ఆయనతో కలిసి కాల్చిన స్నేహితులు ఎన్నేళ్లు బతికారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. పోయినవాళ్లు మనకు ఎదురుపడరు కాబట్టి లెక్క తప్పుతుంది.

ఆ లెక్క సరిగ్గా కట్టినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో డాక్టర్లకే ఉత్తరాలు రాసి, మీరు పొగ తాగుతారా అని అడిగారు. అలా 34 వేలకు పైగా మగ డాక్టర్లను యాభై ఏళ్ల పాటు గమనించారు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం, కాలుస్తూనే ఉన్నవాళ్లు కాల్చనివాళ్ల కన్నా సగటున పదేళ్లు ముందే పోయారు. ముప్పై ఏళ్ల వయసులో మానేసినవాళ్లకు ఆ పదేళ్లూ దాదాపు తిరిగొచ్చాయి. నలభైలో మానేస్తే తొమ్మిదేళ్లు, యాభైలో ఆరు, అరవైలో మూడు. మీకు 31. ఈ ఉత్తరం మీరు సరైన వయసులోనే రాశారు.

‘ఐదారే’ అన్నారు. గుండె దగ్గర ఆ లెక్క సాగదు. రోజుకు ఒక్కటి కాల్చినా, ఇరవై కాల్చేవాళ్లకు పెరిగే గుండెజబ్బు ముప్పులో సగం దాకా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. తగ్గించడం మంచిదే, కానీ అక్కడ ఆగిపోకండి. మానడానికి ఉచిత ఫోన్ సాయం ఉంది, 1800-11-2356. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం మామూలే. నికోటిన్ గమ్ గురించి డాక్టర్‌ను అడగండి. మీ ఇబ్బంది బహుశా ఆఫీసు బయట చాయ్ బండి దగ్గరే ఉంటుంది. ఆ నెల రోజులు చాయ్ లోపలే తాగండి.

గుట్కా, జర్దా నమిలేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క పని చేయండి. నోరు తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడండి. పట్టకపోతే, లేదా కారం తగిలితే నోరు మండుతుంటే, తెల్ల మచ్చ గానీ మానని పుండు గానీ ఉంటే వెంటనే పళ్ల డాక్టర్‌కు చూపించండి. క్యాన్సర్ కాకముందే పట్టుకునే అవకాశం అక్కడే ఉంది. ఇంకోమాట. 2003 నాటి చట్టం ప్రకారం స్కూలు, కాలేజీకి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదు. మీ పిల్లల బడి గేటు ఎదుట పాన్ డబ్బాలో జరుగుతున్నది తప్పు. ప్రిన్సిపాల్‌తో కలిసి ఫిర్యాదు చేయండి. ఒక పిల్లవాడు మొదలుపెట్టకుండా ఆపడం, నలభై ఏళ్ల మనిషితో మాన్పించడం కన్నా ఎంతో తేలిక.

*ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురికి డెంగీ. ఫాగింగ్ ఒకసారి చేసి వెళ్లారు, మళ్లీ రమ్మంటే రావడం లేదు. ఇంకా గట్టిగా అడగాలా?*
*(అసోసియేషన్ కార్యదర్శి, మల్కాజిగిరి)*

అడగండి, కానీ పొగ కోసం కాదు. ఆ పొగ ఎగురుతున్న దోమల్ని చంపుతుంది, నీళ్లలో ఉన్న పిల్ల పురుగుల్ని ముట్టుకోదు. ఆ పురుగులు కొన్ని రోజుల్లో రెక్కలతో పైకొస్తాయి. పొగ చూసి జనానికి ధైర్యం వస్తుంది, దోమకు పెద్ద నష్టం ఉండదు.

దోమకూ మన ఊరికీ పాత సంబంధమే. మలేరియా దోమ ద్వారా వస్తుందనే రుజువుకు కీలకమైన పరిశోధన 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే జరిగింది. ఆ పని చేసిన రోనాల్డ్ రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఇన్నేళ్లయినా మన పిల్లలు దోమకాటుతో మంచాన పడుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

డెంగీ దోమ వేరు. దాని కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పగలే కుడుతుంది. మురుగు కాలువ దానికి ఇష్టం లేదు, మనం దాచుకున్న మంచినీళ్లే కావాలి. అందుకే మోరీ వాసన వస్తోందని ఫిర్యాదు చేసే ఇంట్లోనే, బాల్కనీలో మనీప్లాంట్ సీసాలో పురుగులు ఆడుతుంటాయి. మీ బిల్డింగ్‌లో టార్చి పట్టుకుని ఇవి చూడండి: సెల్లార్‌లో సంపు మూత అంచు, లిఫ్ట్ గుంత అడుగు, పైన ట్యాంక్ మూత పగులు, వాచ్‌మన్ గది మీద కప్పిన టార్పాలిన్ ముడతలు, వాడని కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, పక్కన కట్టుబడిలో ఉన్న ఇంటి స్లాబ్ మీద క్యూరింగ్ నీళ్లు, పూజ తర్వాత మూలన పడేసిన కొబ్బరి చిప్పలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అంటే వారానికోసారి నీళ్లు పారబోసి ఆరబెడితే చాలు. ఊరికే పారబొయ్యకండి, పీచుతో గోడ రుద్దండి. గుడ్లు గోడకే అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి. ఆదివారం పొద్దున పది గంటలకు పది నిమిషాలు అని కొన్నేళ్ల కింద ప్రభుత్వం ప్రచారం చేసింది కదా, అది చాలా మంచి ఆలోచన. మీ అసోసియేషన్ దాన్ని మళ్లీ పట్టుకోవాలి. పారబొయ్యలేని నీళ్లలో మందు వేయమని మున్సిపల్ ఎంటమాలజీ (దోమల నివారణ) సిబ్బందిని అడగండి. ఫోన్ చేసి గట్టిగా అడగాల్సింది దీన్నే.

ఇక ఆ ముగ్గురి సంగతి. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే వేయాలి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ బాగా ఇవ్వాలి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుంటాం. నిజానికి ఆ ఒకటి రెండు రోజులే జాగ్రత్తగా చూసుకోవాల్సినవి. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్లలో రక్తం, మగతగా పడి ఉండటం, మూత్రం తగ్గడం కనిపిస్తే రాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్ అంకె చూసి ఇల్లంతా టెన్షన్ పడుతుంది. రక్తస్రావం లేకుండా పదివేల పైన ఉంటే మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని ఉండదు. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చేయకండి.

*ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. వీధి కుక్కపిల్ల చేతి మీద పన్ను దించింది, కొంచెం రక్తం వచ్చింది. మా అత్తయ్య పసుపు, సున్నం పెట్టింది. పిల్ల కుక్కే కదా, ఇంజెక్షన్ అవసరమా?*
*(బోడుప్పల్)*

అవసరం. ఇది చదివే దాకా ఆగి ఉంటే ఇప్పుడే బయలుదేరండి. నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) గానీ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో (మన కోరంటి దవాఖానా) గానీ వేస్తారు. రేబిస్ లక్షణాలు మొదలైతే కాపాడే మందు లేదు. అవి రాకముందు సరిగ్గా టీకా వేయిస్తే దాదాపు పూర్తిగా ఆపవచ్చు. పిల్ల కుక్కకూ రేబిస్ ఉండొచ్చు. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వేయాలి, అది వేయమని మీరే అడగండి. టీకా చర్మంలోకి వేస్తే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. ఒక్కటీ తప్పించకండి.

ఇంకెప్పుడైనా ఇలా జరిగితే ముందు నల్లా కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకూడదు. అత్తయ్యగారికి కోపంగా చెప్పకండి, ఆమె ప్రేమతోనే చేశారు. బాబుకు మాత్రం ఒక మాట చెప్పండి, కుక్క గీరినా కరిచినా ఇంట్లో చెప్తే తిట్టరని. తిడతారనే భయంతో చెప్పని పిల్లల గురించే నా బాధంతా.

*ప్రశ్న: మా గల్లీలో నల్లా వదిలిన మొదటి పది నిమిషాలు నీళ్లు వాసన. పిల్లలకు మాటిమాటికీ విరేచనాలు. ఆర్‌వో మిషన్ కొనాలా?*
*(యాకుత్‌పురా)*

అమ్మా, మిషన్ మీ ఇంటిని కాపాడుతుంది కానీ, గల్లీలో మిగతా పిల్లలు ఆ నీళ్లే తాగుతారు. మీ పిల్లలు కూడా వాళ్లింట్లో తాగుతారు. ముందు పైపు సంగతి చూడాలి. నీళ్లు ఆగిన వేళ పైపు ఖాళీగా ఉంటుంది, పక్కనే డ్రైనేజీ లైను ఉంటుంది. లీకేజీ ఉన్నచోట మురుగు లోపలికి దిగుతుంది. నల్లాకు నేరుగా మోటారు పెట్టి లాగితే ఆ మురుగును మనమే పీల్చుకున్నట్టు. గల్లీలో మోటార్లు తీయించడం గొడవతో కూడిన పని, అయినా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడండి. జలమండలి నంబరు 155313. ఏ ఇంటి దగ్గర, ఏ టైముకు వాసన వచ్చిందో చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. నాలుగిళ్ల వాళ్లు విడివిడిగా చేస్తే ఇంకా మంచిది. వచ్చినవాళ్లను క్లోరిన్ పరీక్ష చేయమనండి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసి రంగు చూస్తారు. మీ నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగే రాకపోతే దారిలో ఏదో కలుస్తోందని అనుమానించాలి.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టుకున్న ఊరు మనది. వరదను ఆపాలి, ఊరికి నీళ్లివ్వాలి, మురుగును వేరుగా పంపాలి అని అప్పుడే ఆలోచించారు. మంచినీళ్లనూ మురుగునూ వేరు చేసినంతగా ప్రాణాలు కాపాడిన మందు ఏ ఫార్మసీలోనూ లేదని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి ఫిర్యాదు చేయడానికి మొహమాటపడకండి.

లైను బాగయ్యే దాకా నీళ్లు బాగా మరిగించి తాగండి. విరేచనాలు మొదలవగానే ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలిపి ఇవ్వండి, సగం సగం కలపకండి. దాంతోపాటు జింక్ గోలీలు పద్నాలుగు రోజులు. విరేచనాలు ఆగినా జింక్ ఆపకండి. కళ్లు లోపలికి పోయి, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే, బిడ్డ తాగలేకపోతే, రక్తం పడితే దవాఖానాకు తీసుకెళ్లండి.

*ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో మా రూమ్మేట్‌కు టీబీ అని తేలింది. ఖాళీ చేయమని ఓనర్ అంటున్నాడు. మాకు అంటుకుంటుందా?*
*(కోచింగ్ విద్యార్థి)*

మందులు సరిగ్గా మొదలయ్యాక అంటుకునే గుణం త్వరగానే తగ్గుతుంది. ఎప్పుడు గదికి తిరిగి రావచ్చో డాక్టర్ చెప్తారు. అప్పటిదాకా అతను మాస్కు పెట్టుకోవాలి, గదిలో గాలి ఆడాలి. కంచాలు, బట్టలు వేరు చేయక్కర్లేదు, టీబీ గాలి ద్వారా వస్తుంది. మీ గదిలో అందరూ దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానాలో పరీక్ష చేయించుకోండి, ఉచితం. జబ్బు లేకపోయినా కొందరికి ముందుజాగ్రత్తగా మందు ఇస్తారు.

మామూలు టీబీకి ఆరు నెలల మందు, అదీ ఉచితమే. పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, ఖాతా వివరాలు ఇచ్చాడో లేదో చూడండి. రెండో నెలకే దగ్గు పోయి ఒళ్లు చేస్తుంది, చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. ఆపితే మొండి టీబీ అయ్యే ప్రమాదం ఉంది. ఇక ఓనర్ విషయం. అతన్ని గెంటేస్తే ఇంకో ఇరుకు గదికి వెళ్తాడు, జబ్బు దాచుకుంటాడు, మందు మధ్యలో ఆగిపోతుంది. ఓనర్‌ను టీబీ హెల్త్ విజిటర్‌తో ఒకసారి మాట్లాడించండి. హాస్టళ్లకు వచ్చి వివరంగా చెప్పడం వాళ్ల పనిలో భాగమే. వాళ్లు వచ్చిన రోజు మిగతా గదుల్లో రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేర్లు కూడా రాయించండి.